మెడలు వంచేవాడు

తక్వారెంబోలో జూలై అంటే చలికాలం.
ఎక్స్‌రే గదిలో ఉన్నది ఒక్కటే హీటరు, అదీ నా కాళ్ల దగ్గర.
ఆ పొద్దున దాన్ని పిల్ల వైపు తిప్పాను.

పేరు ఎయులాలియా. తొమ్మిదేళ్లు.
చీటీలో డాక్టరమ్మ రాత:
డౌన్ సిండ్రోమ్. గుర్రపు స్వారీ బడిలో చేరుతుందట.
మెడ, పక్క నుంచి.
నిటారుగా ఒకటి, వంచి ఒకటి, ఎత్తి ఒకటి.

తండ్రి ఎవరిస్తో గుమ్మంలోనే ఆగాడు.
చేతిలో టోపీ, బూట్లకు ఎండిన బురద.
పెద్ద పెద్ద పశువుల కమతాల్లో
పొగరుబోతు గుర్రాలను దారికి తెస్తాడు.
మెడలు వంచడం అతనికి సామెత కాదు,
నెలజీతం.

"దీనికి బొమ్మెందుకు?
నడక రాకముందే జీనెక్కింది,
నా ముందు, నా చేతుల మధ్య."

నాకు తెలిసినంత చెప్పాను.
పుర్రె కింద మొదటి ఎముక ఒక ఉంగరం.
రెండోదానికి పన్నులా పైకి మొలిచిన మేకు.
మేకు చుట్టూ ఉంగరం తిరిగితేనే
ఎవరమైనా కాదని తల ఊపేది.
ఆ రెంటినీ పట్టి ఉంచే నరంలాంటి పట్టీ
ఈ పిల్లల్లో కొందరికి వదులు.
ఉంగరం ముందుకు జారితే
వెనకున్న వెన్నుపాముకు
తప్పుకునే చోటుండదు.

కాసేపు టోపీ అంచు తిప్పాడు.
"జీను పట్టీ లాంటిదే అయితే.
పట్టీకీ పొట్టకీ నడుమ రెండు వేళ్లు పట్టాలి.
మూడు పట్టాయో, ఎవడో ఒకడు నేల కరుస్తాడు."
వేళ్లు కావు, మిల్లీమీటర్లు అన్నాను.
సీసపు ఏప్రన్ తొడిగి లోపలికి రానిచ్చాను.

తల వంచమంటే పిల్లలు నడుం వంచుతారు.
అందుకే అడుగుతాను:
"అయ్యో, నీ పై బొత్తాం మీద ఆ మరకేమిటి?"
మరక నిజంగానే ఉంది, పొద్దుటి రొట్టె మీది తీపిది.
గడ్డం మెల్లగా దిగుతోంది.
వెనక నుంచి అతని చేయి వచ్చింది,
పాత అలవాటు,
మెడ మీద ఆని, ఇంకొంచెం కిందికి నొక్కబోయింది.

"చేయి తియ్యండి!"
నేననుకున్న దానికంటే గట్టిగా అరిచాను.
"తనంతట తనే వంచాలి. ఎంత వంగితే అంతే."

ఆ చేయి గాల్లో ఆగిపోయింది.
ఎక్కడ పెట్టుకోవాలో దానికి తెలియలేదు.
ఏప్రన్‌కు జేబులు లేవు.

చివరిది, పైకి చూడడం.
కప్పుకు కాగితపు తేరో పిట్టను అంటించాను, ఎప్పుడో.
"ఎగురుతుందా?"
"నువ్వు చూస్తున్నంతసేపూ కదలదు. నువ్వూ కదలకు."
కదల్లేదు. ఇద్దరూ.

మూడున్నర మిల్లీమీటర్లు.
డాక్టరమ్మ రెండుసార్లు కొలిచి, స్వారీకి సరేనంది.
తర్వాత పెన్ను మూసి చెప్పింది:
ఇది ఇవాళ్టి మాట, రేపటికి పూచీ పడదు.
బొమ్మ బాగున్నా మెడ జారినవాళ్లున్నారు,
బొమ్మ భయపెట్టినా ఏమీ కానివాళ్లున్నారు.
నడక మారినా, తల ఒక పక్కకు ఒరిగినా,
మెడ నొప్పి అన్నా, చెంచా చేజారుతున్నా,
మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా,
ఆగకుండా ఆ రోజే తీసుకురండి.
ఎవరు మత్తు ఇవ్వబోయినా మెడ సంగతి ముందే చెప్పండి.

"మరి ఇదంతా తీసిందెందుకు?" అన్నాడు ఎవరిస్తో.
పదకొండేళ్లుగా నాకూ ఉన్న ప్రశ్న.
డాక్టరమ్మ మతే పాత్రలో వేడినీళ్లు పోసుకుని
అతని వైపు జరిపింది.

తర్వాత కిటికీలోంచి చూశాను.
పిల్లను ట్రక్కు దాకా నడవమన్నాడు.
తను నేల మీద గొంతుక్కూర్చున్నాడు,
బేరానికొచ్చిన గుర్రం నడక చూసేటట్టు.
వెనక నుంచి ఒకసారి.
పక్క నుంచి ఒకసారి.
మూడోసారికి అది ఆటైపోయింది,
ఎయులాలియా ఒంటికాలి మీద గెంతింది.

"ఇప్పుడు నువ్వు," అంది.
తనూ అలాగే గొంతుక్కూర్చుంది.
ఎప్పటి పడటమో, అతని ఎడమ కాలు ఈడుస్తుంది.
గేటు దాకా నడిచాడు, తిరిగొచ్చాడు.
ఆమె చాలాసేపు ఆలోచించింది,
కుడికీ ఎడమకీ, ఎడమకీ కుడికీ
కాదని తల ఊపింది.