కర్త ఎవరు?

ఓటేరి శ్మశానంలో, కరెంటు కొలిమి వేడెక్కేలోగా
పురోహితుడు గడియారం చూసుకుని అడిగాడు:
"కర్త ఎవరమ్మా?"

నాకు నవ్వొచ్చింది నాన్నా.
ముప్పై ఒక్క ఏళ్ళు ఆ ప్రశ్న నీది.
పెరంబూరు తెలుగు బడి, ఏడో తరగతి, మూడో పీరియడు,
నల్లబల్ల మీద సుద్దముక్కతో రెండుసార్లు కొట్టి
"'చిలక జామపండు కొరికింది.' కర్త ఎవరు, వెనక బెంచీ?"
వెనక బెంచీలో నేనే.
బడిలో నిన్ను మాస్టారూ అనాలి.
ఇంటికొచ్చాక కూడా మర్చిపోయి అలాగే పిలిస్తే
ఎర్ర సిరాతో నా ముక్కు మీద సున్నా చుట్టేవాడివి.

నా పదకొండో ఏట అమ్మ గూడూరు వెళ్ళిపోయింది.
అరవలేదు. కుక్కరూ కుట్టుమిషనూ తీసుకెళ్ళింది.
"చెప్పినందుకు కాదే, ఇంత ఆలస్యంగా చెప్పినందుకు" అంది.
ఆ తేడా తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆదివారాలు ఆరోగ్యసామి వచ్చేవాడు.
ఐసీఎఫ్‌లో ఫిట్టరు, గోళ్ళ కింద గ్రీజు,
రాయపురం నుంచి పేపర్లో చుట్టిన వంజరం ముక్కలు.
చేప వాసనకే కడుపులో తిప్పే నువ్వు
కిటికీ తెరిచి, తల బయటపెట్టి ఊపిరి పీల్చుకుని
మళ్ళీ వచ్చి ఉల్లిపాయలు తరిగేవాడివి.

ఆయన్ని ఏమని పిలవాలని అడిగాను.
చాలాసేపు ఆలోచించి వ్యాకరణం చెప్పావు:
"వచ్చాడు అంటే మగవాడు.
వచ్చింది అంటే ఆడమనిషి, ఆవు, బల్లి, పన్నెండో నంబరు బస్సు.
వచ్చారు అన్నావనుకో,
ఇక ఎవరు ఏమిటని భాష అడగదు.
సామిగారు వచ్చారు అను. చాలు."

జూన్ ఎండలో, ఎగ్మూరు ఊరేగింపులో
తమిళ అట్టల మధ్య తెలుగువి రెండే.
రెండోది ఎవరో కుర్రాడిది, 'స్వేచ్ఛ'లో ఒత్తు తప్పు.
జేబులోంచి ఎర్ర కలం తీశావు.
"ముందు ఒత్తు దిద్దుకో నాయనా,
చట్టం తర్వాత దిద్దుదాం."
ఆ పిల్లాడు అక్కడే ఏడ్చాడు.
వాళ్ళ నాన్న అతనితో మాట్లాడి రెండేళ్ళట.
ఆ రాత్రి మన వరండాలో పడుకున్నాడు.
తర్వాత ఇంకెందరో. మన ఇంట్లో
పరుపులకన్నా టూత్‌బ్రష్షులు ఎక్కువ.

పై కోర్టు ఆ సెక్షన్ని మళ్ళీ నిలబెట్టిన డిసెంబరులో
హెడ్మాస్టరు పిలిపించాడు.
"పేపర్లో మీ ఫోటో పడింది, పేరెంట్స్ అడుగుతున్నారు."
"ఏ పేజీలో?" అన్నావు.

అది పోయిన రోజు సంగతి వజ్రమ్మ చెప్పింది,
అప్పుడు తొమ్మిదో తరగతి.
ఉపాధ్యాయ దినోత్సవం మర్నాడు.
పిల్లలిచ్చిన గులాబీలు స్టీలు గ్లాసులో ఇంకా వాడలేదు.
ఫోను వచ్చింది. విన్నావు. జేబులో పెట్టావు.
సంధులు సగంలో ఆపి
హాజరుపట్టీ తెరిచి
మొదటి నుంచి మళ్ళీ పేర్లు పిలిచావు.
ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు.
ఏడుగురే ఉన్నారు క్లాసులో.
ఏడుగురూ నిలబడి, ఒకరి తర్వాత ఒకరు,
"ఉన్నాను సార్" అన్నారు.

"కర్త ఎవరమ్మా, టైమవుతోంది."

సామిగారు గోడ దగ్గర ఉన్నారు,
ఏమీ కానివాళ్ళు నిలబడే చోట.
ఆస్పత్రి ఫారంలో బంధుత్వం అన్న గడిలో
ఇరవై రెండేళ్ళ తర్వాత కూడా
'ఫ్రెండు' అని రాసిన మనిషి.
నువ్వు చూసుంటే ఎర్రగా చుట్టేవాడివి.

వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.
గ్రీజు ఎప్పుడో పోయింది, గరుకు మిగిలింది.
"బహువచనం అండీ" అన్నాను పురోహితుడితో.
"కర్తలు."

ఆయన మమ్మల్ని చూశాడు. గడియారం చూశాడు.
ఇంకో దర్భ తుంచి ఉంగరం చుడుతూ
"పేరు, గోత్రం" అన్నాడు.

"ఆరోగ్యసామి" అన్నారు సామిగారు,
ఆ తర్వాత ఏం చెప్పాలో తెలియక, కంగారుగా,
"షెల్ డివిజన్, ఐసీఎఫ్."

కొలిమి తలుపు తెరుచుకుంది.
ఎంత నవ్వేవాడివో నాన్నా.