పదకొండు నిమిషాలు

ఇన్నయ్య నాకన్నా పదకొండు నిమిషాలు పెద్ద.
ఒకే ముక్కు, ఒకే నడక, చెవి కింద ఒకే పుట్టుమచ్చ.
చిన్నప్పుడు ఒకడికి జ్వరమొస్తే
ఎవడికి మందు పోసిందో గుర్తులేక
అమ్మ ఇద్దరికీ పోసేది.

ఇప్పుడెవరికీ ఆ తికమక లేదు.
మొన్న తిరునాళ్ళకి ఆటో ఎక్కుతుంటే డ్రైవరడిగాడు:
"మీ నాన్నగారిని కొండకా, ఆస్పత్రికా?"
వాడు నవ్వాడు.
నవ్వులోంచి లేచిన దగ్గు
రామవరప్పాడు రింగు దాకా మాతోనే వచ్చింది.

పదహారో ఏట ఏలూరు కాలవ గట్టున
ఒక్క సిగరెట్టు, ఇద్దరం.
వాడికి మజా వచ్చింది,
నాకు వాంతి వచ్చింది.
నా ఆరోగ్యం, నా పళ్ళ తెలుపు,
ఊళ్ళో నాకున్న బుద్ధిమంతుడనే పేరు
అన్నీ ఆ వాంతి పెట్టిన భిక్షే.

వాడు ఆటోనగర్లో లారీలకి బాడీలు కట్టాడు,
వెల్డింగ్ మంటకీ మంటకీ నడుమ ఇంకో చిన్న మంట.
ఇప్పుడు మూడు దిళ్ళకి ఆనుకుని, కూర్చునే నిద్రపోతాడు.
పులుసులో ఉప్పు తక్కువైందని నేను గొణుగుతుంటే
"ఉప్పుందా అందులో?" అంటాడు.
మనవరాలి బుడగ ఊదబోయి
సగంలో నాకందించాడు.
వాడి ఎంగిలి ఊపిరి మీద నా ఊపిరి,
బుడగకి తేడా తెలియలేదు.

డాక్టరమ్మ మా ఫిల్ములు రెండూ వెలుగుకి పెట్టి
"కవలలంటే నమ్మలేం" అంది.
నాకు సిగ్గేసింది. ఎందుకో చెప్పలేదు ఆవిడకి.

చెప్పాల్సింది ఇది:
పటమట సెంటర్లో నాది కిళ్ళీ కొట్టు.
ముప్పై నాలుగేళ్ళు.
స్తంభానికి వేలాడే కొబ్బరితాడు కొసన
నిప్పు ఆరకుండా చూసుకున్నది నేను.
వాడు పొద్దున్నే వచ్చి తల వంచి
ఆ తాడుకి ముద్దు పెట్టినట్టు వెలిగించుకునేవాడు.
డబ్బులిస్తే తీసుకునేవాణ్ణి.
లేకపోతే రాసుకునేవాణ్ణి.
తమ్ముడి కొట్టు కదా అని
ఇంకో కొట్టు తొక్కేవాడు కాదు పిచ్చోడు.

మా డాబా మీద రెండో అంతస్తు లేచినప్పుడు
ఇటుకలు వాడే మోశాడు.

గుణదల మెట్లెక్కుతున్నాం.
గుండు గీయించుకున్న పిల్లలు
మమ్మల్ని దాటి పైకి పరిగెడుతున్నారు.
మూడో స్థలం దగ్గర ఆగాడు,
క్రీస్తు మొదటిసారి పడిన చోట.
నాలుగో దగ్గర కూర్చున్నాడు.
నేనూ రొమ్ము పట్టుకుని, నోరు తెరిచి
పక్కనే కూలబడ్డాను.

"ఊరుకోరా శౌరీ,
నీకు ఆయాసం కూడా సరిగ్గా రాదు" అన్నాడు.

నవ్వాం. వాడు దగ్గాడు.
కింద ఊరంతా పలచటి పొగమంచు,
ఎవరో చాలా పెద్దవాళ్ళు
ఇప్పుడే వదిలినట్టు.

జేబులోంచి కొవ్వొత్తుల కట్ట తీశాడు.
నా దగ్గర అగ్గిపెట్టె ఉందా అనడిగాడు.
ఉంది.
ఎప్పుడూ నా దగ్గరే ఉంది.