మెస్కెల్ మెట్ల మీద

అడిస్ అబాబాలో ఇంకా తెల్లారలేదు.
మెస్కెల్ మైదానం మెట్ల వరసల మీద
ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్లీ పై వరసకి,
మగ్గంలో నాడెల్లా పిల్లలు పరుగెడుతున్నారు.
వాళ్ల వెనక నేనూ, అరవై రెండేళ్లవాణ్ణి,
ఎడమ మోకాలు తుప్పుపట్టిన బందులా కిర్రుమంటూ.

"తాతా, నీ బెస్ట్ టైమ్ ఎంత?" అడిగింది బెతెల్హెం.
పచ్చ బూట్లు. నకిలీవే అయినా కొత్తవి.

ఏం చెప్పను?
బద్మె దగ్గర ఒక మధ్యాహ్నం పరుగెత్తినంత జోరుగా
మళ్లీ నా జన్మలో పరుగెత్తలేదు.
గడియారం పట్టుకున్నవాడు లేడు.
ముందుకా వెనక్కా అని
పతకం ఇచ్చినవాళ్లూ అడగలేదు.

వెనక్కే.
డెగెఫు కేక వేశాడు.
నా పేరు పెట్టి కాదు, నీళ్లు అని.
సీసా నా నడుముకే ఉంది,
కందకం దాకా గలగలమంటూనే ఉంది.

నిన్న రాత్రి ములుగేటా కాఫీ కొట్లో టీవీ చుట్టూ జనం.
ఎక్కడో ఇంగ్లండులో ఎవడో పెనాల్టీ కొట్టాడు.
"వీరుడంటే వీడురా!" అని బల్లలు గుద్దారు.
నేనూ గుద్దాను. కప్పు పగిలింది, డబ్బు కట్టాను.
నిజం చెప్పొద్దూ, ఆ తొంభై నిమిషాలూ
ఎవరూ చావని యుద్ధం చూస్తుంటే
కడుపు నిండినట్టుంటుంది.

"చెప్పవేం?"
"మర్చిపోయానమ్మా. పద."
నవ్వి దూసుకుపోయింది పిల్ల.

ఇవాళా నా నడుముకి నీళ్ల సీసా.
సగమే నింపుతాను దాన్ని.
నిండుగా ఉంటే
చప్పుడు చెయ్యదు.