చన్నీళ్ళ ఉతుకు

కిల్‌ఫెర్రన్ జట్టు ఎలా ఆడిందని నన్నెవరూ అడగరు.
ముప్పయ్యొక్క ఏళ్ళుగా వాళ్ళ మేజోళ్ళు ఉతుకుతున్నదాన్ని,
నాకు తెలియకుండా ఎవడు ఎక్కడ పడ్డాడు?

నవంబరు మట్టి కాటుకలా అంటుకునేది.
మార్చి మట్టిలో ఇసుక తగిలేది, మర్డో చల్లిన ఇసుక,
మూలజెండా దగ్గర నీళ్ళు నిలిచినప్పుడల్లా బస్తాకి బస్తా.
గోల్‌కీపర్ మోచేతులు మాత్రం ఏ నెలలోనైనా
తడిసిన టీపొడి రంగు.
మరక చూసి చెప్పేసేదాన్ని,
ఇవాళ ఎడమవైపే ఆడారు, కుడివైపు చెరువైందని.

పచ్చిక అని పేరే గానీ
జనవరి నాటికి అందులో పచ్చగా మిగిలేది నాచు.
పొద్దున ఏడింటికే రెఫరీ వచ్చి మడమతో నేలను పొడిచేవాడు.
తలుపు తట్టి, ఎవరూ పలక్కపోతే తిరిగిపోయే చుట్టంలా
తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయేవాడు.
ఆట వాయిదా.
కాచిన సూపంతా మూడు రోజులు మేమే తాగేవాళ్ళం.
ఒక చలికాలం వరసగా ఆరు వారాలు అంతే.
గేటు డబ్బు రాలేదు,
కరెంటు బిల్లు మాత్రం ఒక్కరోజూ వాయిదా పడలేదు.

అందుకే ప్లాస్టిక్ పచ్చిక వేస్తామన్నప్పుడు నేను ఏడవలేదు.
నేను ఏడ్చింది వేరే దానికి.

ఉత్తరం గోలు ముందు మా అన్న ఉన్నాడు.
ఫెర్గస్. ఓడలకు రంగులేసేవాడు, ఒక్క ఆటా మాననివాడు.
మర్డో గేటుకి తాళం వెయ్యడం కావాలనే మరిచిపోయిన ఒక తెల్లవారుజామున
బిస్కెట్ల డబ్బాలో బూడిద తెచ్చి చల్లాం.
గాలి తిరగబడి సగం నా కోటు మీద పడ్డాడు.
ఎప్పుడూ అంతే, చెప్పిన చోట నిలబడడు.
వాడొక్కడే కాదు, ఆ ఆరు గజాల పెట్టెలో
తొమ్మిది మందైనా ఉంటారని మర్డో లెక్క.

పొక్లెయిన్ వచ్చే ముందురోజు
మర్డో అక్కడ తలుపంత ముక్క కోసి, చాపలా చుట్టి,
తోపుడుబండిలో స్టాండు వెనక్కి తోలుకెళ్ళాడు.
"తొమ్మిదిమందీ వచ్చారా?" అన్నాను.
"పిలిస్తే వచ్చేవాళ్ళు వచ్చారు," అన్నాడు.

ఇప్పుడు నా యంత్రం జల్లెడలో నల్ల రబ్బరు పలుకులు,
దంచిన మిరియాల్లా. మడతల్లో, బూట్లలో,
ఒకసారి నా వెన్నగిన్నెలో కూడా.
మేజోళ్ళు ఇక ఏమీ చెప్పవు.
చెబితే మోకాళ్ళు చెప్పాలి, నేల ఒరిపిడికి కమిలిన చర్మం.
ముసలి డిఫెండర్ యూవన్ ఐసు సంచి పెట్టుకుని
దాన్ని అమ్మనా బూతులు తిడతాడు.
పెద్ద జట్లవాళ్ళు తివాచీ అని నవ్విపోతారు.
వాళ్ళ గడ్డి కింద వేడిగొట్టాలున్నాయి, నవ్వగలరు.

కానీ మంగళవారం రాత్రి రండి.
దీపాల కింద వడగళ్ళు ఏటవాలుగా కొడుతుంటే
నలభైమంది ఆడపిల్లలు అరుచుకుంటూ ఆడతారు.
పాత నేల మీద వీళ్ళకి వారానికి గంటైనా దక్కేది కాదు.
గడ్డి పాడవుతుందని తరిమేవాడు, ఈ మర్డోనే.
నా చిన్నప్పుడు నన్ను తరిమింది వాళ్ళ నాన్న.

పొద్దున్నే ఎర్రముక్కు కడలిపిట్టలు రెండు
రబ్బరు మీద పొడిచి చూస్తాయి. ఒక్క వానపామూ లేదు.
లేచి, స్టాండు వెనక ఆ తలుపంత చోటికి పోతాయి.
ఎవరు చెప్పారో వాటికి.

నిన్న ఇష్బెల్ అనే పదకొండేళ్ళ పిల్ల
బంతి కోసం అటు పరిగెత్తి జారిపడిందట.
సంచి అడుగున ఒక మేజోడు,
మడమ నుంచి పిక్కదాకా టీపొడి రంగు.
కాసేపు కుర్చీలో కూర్చుండిపోయాను.
తరవాత ఉతికాను. ఉతక్కపోతే ఎలా, శనివారం ఆట ఉంది.
యంత్రంలో వెయ్యలేదు,
సింకులో, చన్నీళ్ళలో, చేత్తో.
నీళ్ళు రంగు మారుతుంటే అన్నాను,
"చెప్పిన చోట నిలబడవు కదా."