తడినేల బడి

పాత పశువుల కొట్టం అద్దెకు తీసుకున్నాను.
పైకప్పుకి మూడు చిల్లులు,
వాటి కింద మూడు బకెట్లు.
తలుపు మీద బొగ్గుతో రాశాను:
పెద్దవాళ్ళకి మాత్రమే.
పరీక్షల్లేవు, పట్టాలివ్వము.
రబ్బరు బూట్లు మీరే తెచ్చుకోవాలి.

పక్క పొలం హెల్దుర్ అది చదివి
కడుపు పట్టుకుని నవ్వాడు.
"అరవై నాలుగేళ్ళకి బడి పెడుతున్నావా ఉర్వే,
అదీ బురదలో!"

బురద కాదు హెల్దుర్. రబ.
మా ఎస్టోనియా భాషలో రెండక్షరాలు,
అడుగు పెడితే ఐదు మీటర్ల లోతు.
నాచు మీద నాచు, దాని మీద నాచు,
చచ్చినా కుళ్ళని నిదానం.

ఇరవై ఏడేళ్ళు ఈ రబ మీద గీతలు గీశాను నేను,
కాలువ ఎక్కడ తవ్వాలో,
నీళ్ళు ఎటు వెళ్ళిపోవాలో చెప్పే గీతలు.
నా పెన్సిలు నడిచిన చోటల్లా నేల ఎండింది.
ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరిగే మట్టిని
ఒక్క వేసవిలో లారీలకెత్తాం.
ఆ జీతంతో కొత్త పొయ్యి కొన్నాను.
అందులో కాల్చిందీ ఆ మట్టినే.

పదకొండు మంది వస్తామని రాశారు,
నలుగురు వచ్చారు.
బస్సు డ్రైవరు వంబోలా:
"రోజూ ఈ దారినే పోతాను.
ఆ తెల్లటి పొగేమిటో దిగి అడుగుదామంటే
ఇక్కడ స్టాపు లేదు."
పళ్ళ డాక్టరు మెరికె, మనుషుల నోళ్ళలోకి తప్ప
ఇన్నేళ్ళుగా దేన్లోకీ వంగి చూడలేదట.
సైమె ఏమీ చెప్పలేదు. అన్నగారి బూట్లలో
వార్తాపత్రికలు కుక్కుకుని వచ్చింది,
తువ్వాలులో చుట్టిన రై రొట్టెతో.
గోడౌన్లో పనిచేసే రౌనోకి
కనిపించిన ప్రతిదానికీ పేరు కావాలి.
జేబులో ఖాళీ పుస్తకం.

మొదటి పాఠం తూర్పు చెక్కబాట మీద అనుకున్నాను.
తెల్లవారకముందే పలకలు సరిచూద్దామని వెళితే
బాటకి నలభై అడుగుల్లో
గూటి మీద సారసం.
గుడ్లు ఒకటో రెండో. లెక్కపెట్టలేదు,
లెక్కపెట్టాలంటే అది లేవాలి.
వచ్చిన అడుగుల్లోనే అడుగులేసి
వెనక్కి వచ్చాను.

"తూర్పుకి వెళ్ళం," అన్నాను టీ పోస్తూ.
రౌనో ముఖం వాడిపోయింది.
"ఇంత దూరం వచ్చాను. దూరం నుంచి, ఒక్కసారి?"

ఒక్కసారి.
ఆ మాట నాకు బాగా తెలుసు.
పటం మీద పద్నాలుగో కాలువ గీసినప్పుడు
ఒక్క కాలువే కదా అన్నది నేనే.

అందరం పడమటికి నడిచాం, ఆ పద్నాలుగో దాని దగ్గరికి.
పలకలు దించాం, తడి మట్టి తొక్కాం,
మెరికె మోచేతుల దాకా నల్లబడి
చిన్నపిల్లలా చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంది.
వంబోలా బస్సుకి బ్రేకు వేసినట్టు
ఒళ్ళంతా వెనక్కి వాల్చి పలకకి ఆనాడు.
మధ్యాహ్నానికి నీళ్ళు ఆగాయి.
ఎటు పోవాలో తోచనట్టు కాసేపు తిరిగాయి.
తర్వాత, ఎవరూ చూడనప్పుడు, పెరిగాయి.

అప్పుడు వినిపించింది తూర్పు నుంచి
బాకా లాంటి ఒక పిలుపు.
ఎవరూ లేవలేదు.
రౌనో పుస్తకం తెరిచి
చాలాసేపు ఏమీ రాయలేదు.

చీకటి పడ్డాక హెల్దుర్ వచ్చాడు.
ఈసారి నవ్వలేదు.
"నీ నీళ్ళు నా గడ్డిభూమిలోకి వస్తే?
ఆవులకి ఏం పెట్టమంటావు, సారసం పాటా?"

దానికి నేను పాఠమేదీ సిద్ధం చేసుకోలేదు.
ఒక బకెట్టు బోర్లించి కూర్చోమన్నాను.
చిల్లులోంచి చుక్కలు అతని భుజం మీదే పడుతున్నాయి.
కాస్త పక్కకి జరిగాడు గానీ వెళ్ళలేదు.
సైమె రొట్టె కోసి
మొదటి ముక్క అతనికిచ్చింది.