ఒకటో నంబరు

కోరుట్ల బస్టాండు ఎనుక దుకాణంల
ఫ్యాన్లన్నీ జోరుగ తిప్పి సూపెట్టిండు సేటు.
"గాలి సూడక్కా, క్యాలెండరు ఎట్ల ఎగురుతుందో!"

నాకు ఎగిరిచ్చే గాలి వద్దన్న.
ఒకటో నంబరు మీద పెట్టుమని
సంచిలకెల్లి పిడికెడు తంబాకు తీసి
గల్లాపెట్టె మీద కుప్ప పోసిన.
మొదటిది చెదరగొట్టింది.
ఎర్ర రెక్కలది, మస్తు ముద్దుగున్నది గని, అదీ గంతే.
సేటు తుమ్ముకుంట తిట్టుకుంట ఇంకోటి పెట్టిండు.
మెడ మీద చెమట ఆరింది,
తంబాకు కదలలె.
రెండు వందలు తగ్గియ్యమంటే వంద తగ్గిచ్చి
గల్లాపెట్టె తుడిచి పొమ్మన్నడు.

గది జరిగి మూడు ఎండకాలాలు.

ఇయ్యాల కార్ఖాన బందు.
నేను, వినీల జాలి క్లిప్పులు ఊడదీసినం.
రెక్కల మీది టోపి అందరి లెక్క ఇప్పితే రాదు,
బిగిచ్చే దిక్కు తిప్పాలె. పిల్లకే తెలిసింది.
అంచులకు బెల్లంపాకం తీరు పట్టిన దుమ్ము,
బకెట్ల ఏస్తే నీళ్లు డికాషన్.
మూడు మార్లు మార్చినం.
వినీల రెక్కను ముక్కు కాడ పెట్టుకొని
"అమ్మా, ఇది నీ కొంగు వాసన" అన్నది.
నేను దగ్గుకుంట నవ్విన.

పొద్దుమీకి బిగిచ్చినంక
పిల్ల ఉత్తగనే మూడో నంబరు నొక్కింది.
ఇంట్ల గంత గాలి ఉన్నదా!
ఎంటికలు లేసినయి, తునికాకు కట్టల మీది బస్తా లేసింది,

నా రెండు చేతులు
ఒడిల లేని చాటను
గబుక్కున కప్పినయి.