గడప

కగ్గదాసపుర రైల్వే గేటు పడింది.
స్కూటీ ఆపి, హెల్మెట్ తీయకుండానే
లెక్క మళ్లీ మొదలుపెట్టాను:
పదమూడు డెసిబెల్సా, పన్నెండున్నరా.

ఆఫీసులో దాన్ని అందరూ థ్రెషోల్డ్ అంటారు.
నేను గడప అంటాను.
కడప దాన్ని కదా, ఇంకో మాట నోటికి రాదు.
చన్నవీరప్పకు నచ్చింది. ఇప్పుడు ల్యాబంతా
"గడప స్వల్ప ఏరిసి" అంటోంది.

విషయం ఇంతే.
చీకట్లోకి ఒక అల విసురుతాం.
అది దేనికో తగిలి, పీలికలై, ఆయాసపడుతూ తిరిగొస్తుంది.
వచ్చినదాన్నంతా రానిస్తే తెర మీద జాతర:
వాన, గద్దలు, హైవే మీద టమాటా లారీలు,
గుట్ట మీద గాలిమర రెక్కలు.
అందుకే ఒక గీత.
గీతకు పైనున్నది శత్రువు కావచ్చు.
కిందున్నది ఉత్త లోకం.

పోయిన ఆషాఢంలో, కోలారు అవతల ట్రయల్.
మొదటి రాత్రి గడప దించి పెట్టాను.
ఏడుసార్లు సైరన్.
ఏడుసార్లూ బనియను మీదే పరుగెత్తుకొచ్చిన వింగ్ కమాండర్
ఎనిమిదోసారి రాలేదు.
తెల్లారి టీ గ్లాసు వెనక నుంచి అన్నాడు:
"మేడమ్, మీ యంత్రం ఇక నిజం చెప్పినా నేను లేవను."

రెండో రాత్రి అర డెసిబెల్ పెంచాం.
నిశ్శబ్దం.
ఎంత మర్యాదైన నిశ్శబ్దమంటే
ఇళంగో వ్యాన్లోంచి దుప్పటి తెచ్చుకున్నాడు.

పొద్దున చూస్తే, మావాళ్లే ఎగరేసిన డ్రోను
మా జనరేటరు పక్కన దిగి ఉంది.
అట్టముక్కలు, థర్మోకోల్, రబ్బరు బ్యాండ్లు.
పొట్ట మీద ఎవరో స్కెచ్ పెన్నుతో కన్ను గీశారు.
మంచు పడి ఆ కన్ను కాస్త కారింది.

రికార్డింగు వెనక్కి తిప్పాను.
ఉంది.
రెండు గంటల పదకొండు నిమిషాలకు
గీతకు వెంట్రుకవాసి కింద ఒక చుక్క,
గద్దలా తీరిగ్గా, చుట్టు తిరుగుతూ.
రాత్రి రెండింటికి ఏ గద్ద ఎగురుతుంది?
ఆ సంగతి నాకు తెలుసు. యంత్రానికి నేను చెప్పలేదు.
అది చూసింది. చూసి,
చెప్పనక్కర్లేదనుకుంది.
అట్లా అనుకోమన్నది నేనే.

గడప మీద కూర్చోవద్దే, గడప మీద తుమ్మొద్దే అనేది మా అవ్వ.
ఎందుకంటే, అది ఇంటా కాదు బయటా కాదు,
హిరణ్యకశిపుడి పేగులు తీసింది అక్కడే, అనేది.
నాకు ఓబుళమ్మ అని పేరు పెట్టిందీ ఆమే.
ఇన్నేళ్లుగా జీతం తీసుకుంటూ
నేను కూర్చున్నది అక్కడే.

అటు విమానపురలో మా బ్యాచ్ భుజంగరావు
రెక్క అంచు చెక్కుతుంటాడు,
తగిలిన అల వెనక్కి రాకుండా పక్కకు జారిపోయేట్టు.
ఏడాదంతా కష్టపడితే అతను తగ్గించగలిగేదీ అంతే,
అర డెసిబెల్.
పెళ్లిళ్లలో ఎదురుపడితే
ఇద్దరం సాంబారు గురించి మాట్లాడుకుంటాం.

పదకొండుకు మీటింగు.
వేదవల్లి మేడమ్‌కు వాక్యాలు వద్దు, ఒక అంకె కావాలి.
ఏడు అబద్ధపు కేకలు ఒక పక్క.
ఒక్క నిజమైన మౌనం ఒక పక్క.
తక్కెడ పట్టుకున్న చెయ్యి ఈ పొద్దు
బ్రేకు మీద ఉంది, కొంచెం వణుకుతోంది,
కాఫీ తాగకుండా బయల్దేరినందుకు అనుకుంటాను.

రైలు ఇంకా రాలేదు.
నా ముందు, గేటు కింద నుంచి
తల వంచి, సైకిలును పక్కకు వాల్చి,
కొత్తిమీర కట్టల గంపతో
ఒకతను పట్టాలు దాటేస్తున్నాడు.

ఎవరూ కేక వేయలేదు.
నేనూ వేయలేదు.